మడతపడే చక్కెర

విజయవాడ నుంచి మైలవరం మీదుగా ఉత్తరంగా సాగే జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం తిరువూరు. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, అప్పటినుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వేసవి ఎండలు చాల తీవ్రంగా ఉంటవి. ఇటువంటి చోట వేడుకకు తెచ్చిన కేకుపై పూసిన క్రీము ఎంతో సేపు నిలువదు. క్రీములోని కొవ్వు మెత్తబడగానే పూలూ, అక్షరాలూ ఒకదానిలోనొకటి కలిసిపోతవి. ఆ బెడద లేని కేకు మరొకటి ఉన్నది. దానిపై ఉండేది క్రీము కాదు. పొడి పంచదారతో చేసిన మెత్తని ముద్ద. ఆ ముద్దను చపాతీవలె కర్రతో మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తి, రెండు చేతులమీదుగా ఎత్తి, దుప్పటి కప్పినట్లు కేకుపై కప్పి, అరచేతితో పైనుంచి పక్కలకు సవరిస్తారు. మిగిలిన ముద్దతో పూలు, ఆకులు, బొమ్మలు చేసి అలంకరిస్తారు. బేకరీలవారు దీనిని ఫాండెంటు అంటారు.

చక్కెరతో బొమ్మలు చేయడం తెలుగువారికి క్రొత్త కాదు. పెళ్ళి సారెలో పెట్టే పంచదార చిలుకలను ఎరుగనివారు అరుదు. పంచదారను నీటిలో కాచి, కాసిని పాలు పోసి, మురికి తెట్టుగా తేలగా తీసివేసి, చిక్కబడిన పాకాన్ని గరిటెతో త్రిప్పుతారు. పాకం తెల్లబారుతున్న క్షణంలో తడిపిన కొయ్య అచ్చులలో పోస్తే, చల్లారేసరికి చిలుక సిద్ధమవుతుంది. అయితే ఆ చిలుక చేయి జారితే ముక్కలవుతుంది. దాని రెక్కను వంచబోతే విరుగుతుంది. కేకుపై కప్పిన పొరలోనూ నూటికి ఎనభై పాళ్ళకు పైగా పంచదారే ఉన్నది. అదే చక్కెర ఒకచోట పెళుసుగా విరుగుతూ, మరొకచోట బట్టవలె ఎందుకు మడతపడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం దొరకడానికి నాలుగు శతాబ్దాలు పట్టింది. ఆ చరిత్రలో తెలుగువారి పాలు కూడా కొంత ఉన్నది.

శర్కర ప్రయాణం

చెరకు రసాన్ని కాచి, గట్టి పలుకులుగా మార్చే విద్య ప్రాచీన భారతదేశంలో వృద్ధి పొందినది. సంస్కృతంలో ‘శర్కర’ అంటే మొదట గులకరాయి, ఇసుక అని అర్థం. పలుకులు పలుకులుగా ఉండే పదార్థానికి ఆ పేరు సరిగా అమరింది. అదే మాట పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు పోయి ‘షుగర్’ అయినది. ‘ఖండ’ శబ్దం ‘క్యాండీ’గా మారింది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌త్సుంగ్ చక్కెర చేసే పద్ధతి నేర్చుకొనుటకై తన మనుషులను మగధకు పంపినట్లు చైనా చరిత్రలు చెప్పుతున్నవి.

అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరిన చక్కెర చాలకాలం వంటింటి సరుకు కాదు, మందుల అంగడి సరుకు. చేదు మందులను చక్కెరతో కలిపి బిళ్ళలుగా చేసేవారు. ఆ బిళ్ళ పొడిపొడిగా రాలిపోకుండా బంక కలిపేవారు. ఇరాన్, టర్కీ ప్రాంతాల ముళ్ళపొదలనుంచి కారే ట్రాగకాంత్ బంక ఇందుకు శ్రేష్ఠమని వారు గ్రహించారు. కేకుపై పరచే ఐసింగుకు పుట్టినిల్లు ఈ మందుల అంగడే.

1555లో వెనిస్ నగరంలో అలెక్సిస్ ఆఫ్ పీడ్‌మాంట్ అనే పేరిట రహస్య విధానాల గ్రంథం ఒకటి వెలువడింది. మూడేళ్ళలో, అనగా 1558లో, అది ఇంగ్లీషులోకి వచ్చింది. ట్రాగకాంత్ బంకను పన్నీటిలో నానబెట్టి, నిమ్మరసం, గ్రుడ్డులోని తెల్లసొన, మెత్తని చక్కెర పొడి చేర్చి మర్దించి, ఆ ముద్దతో పళ్ళెములు, గిన్నెలు చేయవచ్చునని అందులో ఉన్నది. విందు ముగిసిన తరువాత అతిథులు ఆ పాత్రలనే విరిచి తినవచ్చును! 17వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులో సర్ హ్యూ ప్లాట్ కూడ తన గ్రంథంలో ఇటువంటి పద్ధతులను వివరించాడు. అంటే చక్కెరను ముద్దగా చేసి వత్తే కళ 16వ శతాబ్దిలోనే ఉన్నది. కాని ఆ ముద్ద త్వరగా ఆరి, పింగాణివలె గట్టిపడేది. పళ్ళెం చేయడానికి అది గుణమే. కోసి తినవలసిన కేకుకు దోషం.

రాణిగారి కేకు

కేకుపై చక్కెర కప్పే పద్ధతి వేరొక దారిన వచ్చింది. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఆంగ్ల వనిత ప్రకటించిన పాకశాస్త్ర గ్రంథంలో పెళ్ళి కేకుకు రెండు పొరలు చెప్పబడినవి: క్రింద బాదం ముద్ద, పైన తెల్లసొనతో గిలకొట్టిన చక్కెర. క్రింది పొర కేకులోని తడినీ, రంగునూ పైకి రానీయదు. పై పొర తెల్లగా నిలుస్తుంది. ఆ కాలంలో చక్కెర దిమ్మలుగా వచ్చేది. దానిని దంచి, జల్లించి పొడి చేయడమే పెద్ద పని. తెల్లని చక్కెర ఖరీదైనది కనుక, కేకు ఎంత తెల్లగా ఉంటే ఆ ఇంటి కలిమి అంత అని లెక్క.

1840 ఫిబ్రవరి 10న జరిగిన విక్టోరియా రాణి వివాహంలోని కేకు సుమారు 300 పౌనులు తూగింది; చుట్టుకొలత మూడు గజాలు. దానిపై చక్కెరతో చేసిన ప్రతిమలు నిలిపారు. తెల్లసొన ఐసింగుకు ‘రాయల్ ఐసింగ్’ అనే పేరు 19వ శతాబ్దిలో స్థిరపడింది. సన్నని గొట్టంతో లతలు, జాలీలు గీయడానికి దీనిని మించినది లేదు. కాని ఆరినకొలదీ అది గట్టి పెంకు అవుతుంది. ఆ పెంకును కోయబోతే పెచ్చులుగా ఊడుతుంది.

చెరకు తోటలలో తెలుగువారు

ధనవంతుల వస్తువైన తెల్ల చక్కెర సామాన్యుని ఇంటికి ఎట్లు చేరింది? యంత్రాలు పెరిగినందువల్ల, సుంకాలు తగ్గినందువల్ల కొంతవరకు. బ్రిటన్‌లో చక్కెర సుంకం 1874లో పూర్తిగా రద్దయింది. కాని అన్నిటికి అడుగున ఉన్నది చవకగా దొరికిన మనిషి శ్రమ. మొదట ఆఫ్రికానుంచి పట్టి తెచ్చిన బానిసలు చెరకు తోటలలో పనిచేశారు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చిన తరువాత, తోటల యజమానులు భారతదేశంనుంచి ఒప్పందపు కూలీలను రప్పించసాగారు. 1834నుంచి మారిషస్‌కు పోయినవారిలో తెలుగువారు ఉన్నారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవునుంచి పోయినవారు అందులో భాగం. 1860 నవంబరు 16న మద్రాసునుంచి 342 మందితో ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911 వరకు ఆ విధంగా నేటాల్ ప్రాంతానికి చేరినవారు 1,52,000 మందికి పైగా ఉన్నారు. వారిలో అధిక సంఖ్యాకులు మద్రాసులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. 1903నుంచి మద్రాసు ఓడలు ఫిజీ దీవికి కూడ పోయినవి.

అయిదేళ్ళ ఒప్పందంపై వ్రేలిముద్ర వేసి, మరల సొంతఊరు చూడని కుటుంబాలు ఎన్నో ఉన్నవి. దక్షిణాఫ్రికాలోని వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొని, భాషను నిలుపుకొనే యత్నం చేశారు. కేకుపై కప్పిన తెల్లని పొరను చూచినప్పుడు ఈ చరిత్ర కంటికి కనబడదు. కాని ఆ తెల్లదనం చవక కావడానికి చెల్లిన మూల్యంలో అది ఒక భాగం.

స్ఫటికాన్ని ఆపే ఉపాయం

చక్కెర పెళుసుదనానికి మూలం దాని స్ఫటిక స్వభావం. సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 100 గ్రాముల నీటిలో 200 గ్రాముల పంచదార కరుగుతుంది. 100 డిగ్రీల వద్ద దాదాపు 490 గ్రాములు కరుగుతుంది. మరిగిన పాకం చల్లారినప్పుడు ఎక్కువైన చక్కెర బయటికి రాక తప్పదు. అణువులు ఒకదాని ప్రక్కన ఒకటి క్రమంగా పేరుకొని స్ఫటికాలవుతవి. కదలించకుండా నెమ్మదిగా పెరగనిస్తే పెద్ద పలుకుల కలకండ వస్తుంది. గట్టిగా త్రిప్పితే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు ఒక్కసారిగా పుట్టుతవి. పంచదార చిలుక తెల్లగా, కాంతి చొరనిదిగా ఉండటానికి కారణమిదే. స్ఫటికాలు సుమారు మిల్లీమీటరులో యాభైయవ వంతుకంటె చిన్నవైతే నాలుకకు పలుకు తెలియదు; వెన్నవలె తోస్తుంది.

స్ఫటికాలు చిన్నవైతే చాలదు. అవి ఒకదానితోనొకటి అతుక్కొని రాయి కాకుండ ఉండవలె. అందుకు వాటి మధ్య వేరే అణువులు అడ్డుపడవలె. ఈ అడ్డుపడే పదార్థాలు ఒక్కొక్కటే రసాయన శాస్త్రజ్ఞుల చేతికి చిక్కినవి. 1779లో స్వీడన్ దేశస్థుడు షీలే, ఆలివ్ నూనెనుంచి తియ్యని చిక్కని ద్రవాన్ని వేరుచేశాడు. అదే గ్లిసరిన్. దానికి తేమను పట్టి ఉంచే గుణం ఉన్నది. 1811లో సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో కిర్చాఫ్, పిండిపదార్థాన్ని సజల గంధకామ్లంతో కాచి తియ్యని పానకం తీశాడు. నేటి గ్లూకోజు ద్రవానికి అదే తొలి రూపం.

చెరకు చక్కెర కూడ ఆమ్లంతో కాచినప్పుడు గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా విడిపోతుంది. చెరకు చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు త్రిప్పుతుంది. విడిపోయిన మిశ్రమం ఎడమవైపుకు త్రిప్పుతుంది. ఇట్లు దిశ తలక్రిందులైనందున ఆ మిశ్రమానికి ‘విలోమ చక్కెర’ అని పేరు వచ్చింది. 1850లో జర్మనీకి చెందిన విల్‌హెల్మీ ఈ మార్పును ధ్రువణమాపకంతో వెన్నంటి కొలిచి, ఏ క్షణంలోనైనా చర్య వేగం అప్పటికి మిగిలివున్న చక్కెర పరిమాణానికి అనుపాతంలో ఉంటుందని నిరూపించాడు. రసాయన చర్యల వేగాన్ని గణితసూత్రంలో బంధించిన తొలి కృషి ఇదే. తెలుగు ఇండ్లలో కాజాలకు, గులాబ్ జాములకు పాకం పట్టేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ‘పాకం గడ్డకట్టకుండా’ అని పెద్దలు చెప్పే మాటకు అర్థం ఇదే. నిమ్మలోని ఆమ్లం కొంత చక్కెరను విడగొట్టుతుంది. విడిపోయిన అణువులు తక్కిన చక్కెర స్ఫటికాలుగా పేరుకొనకుండా అడ్డుపడుతవి.

కేకుపై పరచే నేటి ఐసింగు ఈ జ్ఞానమంతటి ఫలితం. ఒక కిలో మెత్తని పంచదార పొడికి సుమారు 60 మిల్లీలీటర్ల నీరు, 150 గ్రాముల గ్లూకోజు ద్రవం, 20 గ్రాముల గ్లిసరిన్, 10 గ్రాముల జెలటిన్ చేర్చుతారు. ఆ కొద్ది నీటిలో పంచదార ఎనిమిదవ వంతుకు మించి కరగదు. తక్కినది సన్నని పొడిగానే ఉండి, చిక్కని పానకంలో తేలుతుంటుంది. జెలటిన్ పొడుగాటి అణువులు వలవలె అల్లుకొని ముద్దను సాగనిస్తవి. గ్లూకోజు స్ఫటికాలను అడ్డుకొంటుంది. గ్లిసరిన్ తడి ఆరిపోనీయదు. మైదా ముద్దలో గ్లూటెన్ చేసే పనిని ఇక్కడ జెలటిన్ చేస్తున్నది. జెలటిన్ జంతువుల ఎముకలు, తోళ్ళనుంచి వస్తుంది కనుక, శాకాహారులకై సముద్రపు నాచునుంచి తీసే అగర్‌తోనో, వేరే బంకలతోనో ఈ ముద్దను చేస్తారు.

20వ శతాబ్దిలో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో దీనిని ‘ప్లాస్టిక్ ఐసింగ్’ అనేవారు. ఏ రూపం ఇస్తే ఆ రూపం పొందేదని భావం. ఆ శతాబ్ది మధ్యలో బ్రిటన్ మాత్రం అందుకు విరుద్ధమైన పరిస్థితిలో ఉన్నది. యుద్ధకాలపు కొరతవల్ల 1940 ఆగస్టునుంచి కేకులపై చక్కెర పూత వేసి అమ్మడాన్ని అక్కడ నిషేధించారు. పెళ్ళి విందులలో అట్టతో చేసి, సుద్దతో పూత వేసిన బోలు కేకును నిలిపి, దాని క్రింద చిన్న కేకును ఉంచేవారు. చక్కెర రేషను 1953లో గాని తొలగలేదు.

తపసి బంక

మందుల అంగడినాటి బంకల కథ అంతటితో ముగియలేదు. ట్రాగకాంత్ ఖరీదు పెరిగినకొలదీ వర్తకులు దానికి బదులు వెదకినారు. అప్పుడు వారి దృష్టి భారతదేశపు తపసి చెట్టుపై పడినది. బోడి కొండలపై, రాతినేలలో పెరిగే ఈ చెట్టు బెరడు తెల్లగా, నున్నగా ఉండి పలుచని పొరలుగా ఊడుతుంటుంది. ఆకు రాల్చిన వేసవిలో వెన్నెలరాత్రి దూరంనుంచి చూచినవారు దయ్యమని భ్రమించవచ్చును. దీని బంకను ప్రపంచ వర్తకంలో కరయా బంక అంటారు. ఇది నీటిలో పూర్తిగా కరగదు. కాని నీటిని పీల్చి తన పరిమాణానికి అనేక రెట్లు ఉబ్బుతుంది. కొంచెం వినెగారు వాసన కూడ ఉంటుంది. ఐరోపా ఆహార నిబంధనలలో దీని సంఖ్య ఇ416. కేకులు మొదలైన వాటిపై వేసే పూతలలో దీనిని పరిమితంగా వాడవచ్చునని ఆ నిబంధనలు అనుమతిస్తున్నవి.

ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులు ఈ బంక సేకరించి జీవనం గడుపుకొంటున్నారు. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, వర్తకుల మోసంనుంచి వారిని కాపాడుటకై అటవీ ఫలసాయాన్ని నేరుగా కొనసాగింది. అందులో ఈ బంక ఒకటి. బెరడు తునకలు లేని లేతరంగు బంకకు ధర ఎక్కువ. నల్లబడిన దానికి తక్కువ. ఎక్కువ బంక కోసం లోతుగా, విస్తారంగా గాట్లు పెట్టినచోట్ల చెట్లు ఎండి చనిపోయినవి. చెట్టు పోతే వచ్చే ఏటి కూడు పోతుంది. పదునైన శుభ్రమైన పనిముట్టుతో చిన్న గాటు పెట్టి, దానిని మాననిచ్చి, చెట్టుకు విశ్రాంతి ఇచ్చినచోట చెట్టు బ్రతుకుతుంది, బంకా తెల్లగా వస్తుంది. వృక్ష శరీరధర్మ శాస్త్రం ఇక్కడ ఒక కుటుంబపు ఆదాయంతో ముడిపడి ఉన్నది.

రంగుల విషయంలో జాగ్రత్త

తెల్లని పొర ఏ రంగునైనా ఇట్టే పట్టుతుంది. అలంకారంలో అసలు ప్రమాదం కూడ అక్కడే ఉన్నది. 1820లో లండనులో ఫ్రెడరిక్ ఆకుమ్ అనే రసాయనజ్ఞుడు పిల్లల మిఠాయిలలో సీసము, రాగి లవణాల రంగులు కలుపుతున్నట్లు బయటపెట్టాడు. 1858లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో చక్కెరలో కల్తీ కలపబోయి పొరబాటున పాషాణం కలిపినందున 20 మందికి పైగా మరణించారు. 200 మందికి పైగా జబ్బుపడ్డారు. మందుల, ఆహారపు చట్టాలు ఇటువంటి సంఘటనల వెనుకనే వచ్చినవి. భారతదేశంలో ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లోను, దాని స్థానంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోను చేయబడినవి. అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది మాత్రమే. సాధారణంగా కిలో ఆహారంలో 100 మిల్లీగ్రాములకు మించి వాడరాదు. బట్టలకు వేసే రంగు కేకుపై మరింత మెరిసినా అది విషమే. మెటానిల్ యెల్లో అనే నిషిద్ధపు పసుపు రంగు కలిసిన నీటిలో కొన్ని చుక్కల హైడ్రోక్లోరికామ్లం వేస్తే ఊదాఛాయగల ఎరుపు వస్తుంది. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఈ పరీక్షను పాఠశాల ప్రయోగశాలలోనే చేయవచ్చును.

తరగతి గదిలో ఒక ప్రయోగం

రెండు గిన్నెలలో నూరేసి గ్రాముల పంచదార, యాభైయేసి మిల్లీలీటర్ల నీరు తీసికొనవలె. ఒకదానిలో చెంచాడు నిమ్మరసం చేర్చి, రెండిటినీ ముదురు తీగపాకం వచ్చేవరకు ఒకే విధంగా కాచి, కదలించకుండా చల్లార్చవలె. తరువాత ఒక్కొక్కదానిలో చిటికెడు పంచదార పలుకులు వేసి మూతపెట్టి, మరునాడు చూడవలె. నిమ్మరసం లేనిదానిలో స్ఫటికాలు గట్టిగా పేరుకొని ఉంటవి. ఉన్నదానిలో పాకం చాలవరకు తేటగా నిలుస్తుంది. మొదటి గిన్నె పంచదార చిలుక మార్గం. రెండవది మడతపడే ఐసింగు మార్గం.

ఈ భేదం తెలిసిన బేకరీ పనివానికి తన కష్టాలకు కారణాలు కూడ తెలుస్తవి. వేసవి వడగాలిలో పొర అంచున బీటలు పడితే, తడి త్వరగా ఆరిందన్న మాట. ముద్దను మూసి ఉంచి, గ్లిసరిన్ పాలు సరిచూచుకొనవలె. వానకాలంలో పొర జిగటగా మారితే, చక్కెర గాలిలోని తేమను పీల్చిందన్న మాట. శీతలపేటికనుంచి తీసిన కేకుపై చెమట పట్టితే, చల్లని ఉపరితలంపై నీటి ఆవిరి ద్రవీభవించిందన్న మాట; దానిని తుడువక, ఆరనివ్వవలె. తిరువూరు ఎండలో నిలిచే కేకును చేయడానికి వెనిస్ వైద్యుల బంక, జర్మన్ శాస్త్రజ్ఞుని ధ్రువణమాపకం, నేటాల్ తోటలలో మన కూలీలు నరికిన చెరకు, కొండలమీది తపసి చెట్టు, అమ్మ పిండిన నిమ్మచెక్క అన్నీ తోడ్పడినవి.